పెద్ద పొట్ట ఆపరేషన్ పేషెంట్‌కి ఆక్సిజన్ శాచురేషన్ ఎలా చూడాలి: థియేటర్ ముందు నుంచి ఇంటికి వెళ్లేదాకా

పెద్దపేగులో గడ్డ తీసినా, చిల్లుపడ్డ పేగును కుట్టినా, క్లోమగ్రంథికో కాలేయానికో ఆపరేషన్ చేసినా, తర్వాత అందరి కళ్లూ పొట్ట మీదే ఉంటాయి. కుట్లు ఎలా ఉన్నాయి, డ్రెయిన్‌లో ఏం వస్తోంది, గ్యాస్ వెళ్లిందా అని అడుగుతారు. ఊపిరి గురించి అడిగేవాళ్లు తక్కువ. కానీ ఇలాంటి ఆపరేషన్ల తర్వాత పేషెంట్‌ను మళ్లీ ఐసీయూకి చేర్చే కారణాల్లో ఊపిరితిత్తుల ఇబ్బందిది ముందు వరస. అది చాలామందిలో ఒక్కసారిగా ముంచుకురాదు, గంటల ముందే జాడలు చూపిస్తుంది. ఆ జాడలు దొరకాలంటే మానిటర్ మీద శాచురేషన్ అంకె, అంటే రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ పట్టుకుని ఉందో చెప్పేది, ఒక్కటే చాలదు. ఎంత ఆక్సిజన్ పెడితే ఆ అంకె వచ్చింది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, మనిషి ఎలా ఉన్నారు అన్నవి కూడా దాని పక్కన పెట్టి చూడాలి.

ఇది ముఖ్యంగా పోస్టాప్ వార్డులో డ్యూటీ చేసే సిస్టర్లకు, హౌస్ సర్జన్లకు రాస్తున్నాను. మంచం పక్కన కూర్చునే ఇంటివాళ్లకు పనికొచ్చే సంగతులు కూడా వస్తాయి. మందుల విషయం, వెంటిలేటర్ విషయం మాత్రం చూస్తున్న డాక్టర్లే తేల్చాలి.

పొట్ట కోస్తే ఊపిరికి ఏమవుతుంది

మత్తు ఇవ్వగానే ఛాతీ కండరాల పట్టు, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం) పట్టు సడలిపోతుంది. వెల్లకిలా పడుకున్న మనిషి పొట్టలోని అవయవాలు డయాఫ్రమ్‌ను పైకి నెడతాయి. దాంతో ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి తగ్గి, ఊపిరితిత్తుల అడుగు భాగంలోని చిన్న గాలిగదులు మూసుకుపోతాయి. దీన్ని ఎటెలెక్టాసిస్ అంటాం. జనరల్ అనస్థీషియా తీసుకున్నవాళ్లలో దాదాపు 90 శాతం మందికి ఇది ఎంతో కొంత ఉంటుంది.

చిన్న ఆపరేషన్ అయితే త్వరగా సర్దుకుంటుంది. పై పొట్టలో పెద్ద కోత పడితే అలా కాదు. నొప్పికి భయపడి పేషెంట్ పైపైనే ఊపిరి తీస్తారు, దగ్గు వచ్చినా అణచుకుంటారు. నొప్పి బాగా తగ్గించినా డయాఫ్రమ్ కొన్ని రోజులు మందకొడిగానే ఉంటుంది. నిండుగా పీల్చి వదలగలిగే గాలి మొదటిరోజు సగానికి పడిపోవడం మామూలే. అది కోలుకోవడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. బొడ్డు కింద కోత అయితే ఈ దెబ్బ తక్కువ.

ఆ అంకెకు తెలిసిందెంత

వేలికి పెట్టే క్లిప్ వెనకున్న ఆలోచన జపాన్‌లోని నిహాన్ కోడెన్ కంపెనీ ఇంజినీరు తకువో అయోయాగిది, 1970ల నాటిది. క్లిప్ వేలి గుండా రెండు కాంతుల్ని పంపుతుంది: ఒకటి 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, రెండోది 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్, పట్టుకోనిది ఈ రెండు కాంతుల్నీ వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. నాడి కొట్టినప్పుడల్లా వచ్చే ఆ తేడా నుంచే మెషిన్ శాతం లెక్కగడుతుంది. మంచి మెషిన్ అయినా రెండు మూడు శాతం అటూ ఇటూ చూపుతుంది. అందుకే 96 కాస్తా 95 అయిందని టెన్షన్ పడక్కర్లేదు, 94 కాస్తా 96 అయిందని నిశ్చింతగా ఉండనూ కూడదు. గంట గంటకూ ఎటు పోతోందన్నదే ముఖ్యం.

ఈ అంకె చెప్పని సంగతులు మూడున్నాయి. మొదటిది, ఎంత నిల్వ ఉందో చెప్పదు. ఆక్సిజన్ పెట్టిన పేషెంట్ రక్తంలో ఆక్సిజన్ పీడనం (మి.మీ. మెర్క్యురీలో) 300 నుంచి 100కి పడినా శాచురేషన్ 100 నుంచి 97, 98కే తగ్గుతుంది. అదే 90 దగ్గర పీడనం 60 మాత్రమే, అక్కడి నుంచి జారడం చాలా వేగం. రెండోది, రక్తం తక్కువైన సంగతి చెప్పదు. ఒక గ్రాము హీమోగ్లోబిన్ దాదాపు 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. హీమోగ్లోబిన్ 14 ఉన్నవాళ్ల రక్తం వంద మి.లీ.కి 18 మి.లీ.కి పైగా ఆక్సిజన్ తీసుకెళ్తే, 7 ఉన్నవాళ్లది అందులో సగమే తీసుకెళ్తుంది. ఇద్దరికీ మానిటర్ 98 అనే చూపిస్తుంది.

మూడోదే ప్రాణాల మీదికి తెచ్చేది. మనిషి సరిగ్గా ఊపిరి తీస్తున్నారో లేదో ఈ అంకె చెప్పదు. మామూలు గాలి పీలుస్తున్న మనిషికి ఊపిరి మందగించి కార్బన్ డయాక్సైడ్ 40 నుంచి 80కి పెరిగిందనుకోండి. గాలిగదుల్లో ఆక్సిజన్ పీడనం 100 నుంచి 50కి పడిపోతుంది. శాచురేషన్ 85కో అంతకంటే కిందికో దిగి అలారం మోగుతుంది. అదే మనిషికి ముక్కులో రెండు లీటర్ల ఆక్సిజన్ ఉంటే, అంటే సుమారు 28 శాతం అందుతుంటే, కార్బన్ డయాక్సైడ్ 80కి చేరినా గాలిగదుల్లో పీడనం ఇంకా 100 దగ్గరే ఉంటుంది. మానిటర్ 96, 97 చూపిస్తుంది, అలారం మోగదు. పేషెంట్ మాత్రం మగతలోకి జారిపోతూ ఉంటారు.

మొదటి అడుగు: ఆపరేషన్‌కు ముందే గాలి మీద అంకె రాసుకోండి

అడ్మిట్ అయిన రోజే పేషెంట్‌ను కూర్చోబెట్టి, ఆక్సిజన్ ఏదీ లేకుండా, అయిదు నిమిషాల విశ్రాంతి తర్వాత శాచురేషన్ చూసి కేస్ షీట్‌లో రాయండి. పక్కనే ఊపిరి లెక్క కూడా రాయండి. తర్వాత వచ్చే ప్రతి అంకెనూ దీనితోనే పోల్చాలి. ముందే 93 ఉన్న మనిషికి ఆపరేషన్ తర్వాత 93 ఉండటం వేరు, 99 ఉన్న మనిషికి 93 కావడం వేరు.

ప్రమాదం ఎంతో అంచనా కట్టడానికి అరిస్‌కాట్ స్కోరు ఉంది. స్పెయిన్‌లోని కాటలోనియా ఆస్పత్రుల్లో తయారుచేసి 2010లో ప్రచురించారు. ఒక ఉదాహరణ చూద్దాం. వయసు 68 (3 పాయింట్లు), గాలి మీద శాచురేషన్ 94 (8), హీమోగ్లోబిన్ 9.5 (11), పై పొట్టలో కోత (15), మూడు గంటలు దాటే ఆపరేషన్ (23). మొత్తం 60. ఇది ఎమర్జెన్సీ అయితే ఇంకో 8, గత నెలలో జ్వరం, యాంటీబయాటిక్ అవసరమైన శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉంటే ఇంకో 17 కలుస్తాయి. 45 వచ్చినా, దాటినా ఎక్కువ ప్రమాదం అని లెక్క. ఆ గుంపులో నూటికి 40 మందికి పైగా ఊపిరితిత్తుల ఇబ్బంది పడ్డారు. ఇలాంటి పేషెంట్‌కి ఆపరేషన్ రోజు రాత్రి ఎక్కడ మంచం ఇస్తారో, నిరంతరం చూసే మానిటర్ ఉందో లేదో ముందురోజే తేల్చుకోవాలి.

గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా అని భార్యనో భర్తనో అడగండి. పేషెంట్ లేదనే చెబుతారు, పక్కన పడుకునేవాళ్లకే అసలు సంగతి తెలుస్తుంది. సిగరెట్, బీడీ, చుట్ట, పొయ్యి పొగ గురించీ అడగండి. పొగ తాగేవాళ్ల రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే, దాన్నీ ఆక్సిజన్‌గానే లెక్కేసి క్లిప్ ఎక్కువ చూపిస్తుంది.

మూడు బంతుల స్పైరోమీటర్ నేర్పాల్సింది కూడా ఇప్పుడే. కోత పడ్డాక నొప్పిలో నేర్పితే రాదు. చాలామంది దాన్ని ఊదుతారు. ఊదడం కాదు, మెల్లగా పీల్చి బంతుల్ని పైన నిలపాలి అని ఒకసారి చేసి చూపించండి.

రెండో అడుగు: క్లిప్ సరిగ్గా పెట్టడం

చూపుడు వేలు గానీ మధ్య వేలు గానీ వెచ్చగా ఉండాలి. బీపీ పట్టీ ఒక చేతికి ఉంటే క్లిప్ రెండో చేతికి పెట్టండి. ఒకే చేతికైతే పట్టీ బిగిసినప్పుడల్లా రక్తం ఆగి అంకె మాయమవుతుంది. నెయిల్ పాలిష్ తుడిచేయండి. ఆషాఢంలో, పెళ్లిళ్ల సీజన్‌లో గోరింటాకు సమస్య వస్తుంది. మామూలు ఎర్ర గోరింటాకు పెద్దగా అడ్డుపడదు. నల్ల మెహందీ మాత్రం సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది. అప్పుడు చెవి తమ్మెకు పెట్టే క్లిప్ వాడండి. ఆపరేషన్ డేట్ ఇచ్చేటప్పుడే "అమ్మా, వేళ్లకు నల్ల మెహందీ పెట్టుకోకండి" అని ఒక మాట చెబితే ఈ ఇబ్బందే ఉండదు.

అంకెను నమ్మేముందు అల చూడండి. ప్రతి నాడికీ ఒక స్పష్టమైన అల రావాలి, మానిటర్ చూపే నాడి లెక్క మణికట్టు దగ్గర మీరు లెక్కపెట్టినదానితో కలవాలి. అల గజిబిజిగా ఉంటే ఆ అంకెకు విలువ లేదు. చలికి వేళ్లు బిగిసినా, బీపీ పడిపోయినా, పేషెంట్ వణుకుతున్నా ఇదే జరుగుతుంది.

చర్మం రంగు సంగతి కూడా మనం పట్టించుకోవాలి. ముదురు రంగు చర్మం మీద ఆక్సిమీటర్ కొంత ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనం గట్టిగా గుర్తుచేసింది. అక్కడ నల్లజాతి పేషెంట్లలో క్లిప్ పట్టుకోలేకపోయిన ఆక్సిజన్ లోటు తెల్లవాళ్లతో పోలిస్తే సుమారు మూడు రెట్లు కనిపించింది. మనిషిని చూస్తే ఆయాసం, మానిటర్ చూస్తే 94 ఉంటే, వేలి అంకెతో వాదించకుండా ఏబీజీ (ధమని రక్తం తీసి చేసే ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ పరీక్ష) పంపమని అడగండి.

మూడో అడుగు: థియేటర్‌లో

మత్తు ఇచ్చే ముందు పల్స్ ఆక్సిమీటర్ పెట్టారా, పనిచేస్తోందా అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్ట్‌లోనే ఉంది. తర్వాత మాస్క్ బిగువుగా పెట్టి మూడు నిమిషాలు వంద శాతం ఆక్సిజన్ పీల్పించాలి. టైమ్ లేకపోతే నిమిషంలో ఎనిమిది నిండు ఊపిరులు. వదిలే గాలిలో ఆక్సిజన్ 90 శాతానికి చేరిందంటే ఊపిరితిత్తులు నిండినట్టు. ఇలా నింపితే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఊపిరి ఆగాక దాదాపు ఎనిమిది నిమిషాలు 90 పైన ఉండగలరు. ఒళ్లు ఎక్కువున్నవాళ్లకు అందులో సగం కూడా దొరకదు, అందుకే వాళ్లకు తలవైపు ఎత్తి పెట్టి నింపాలి.

వేలి అంకె వెనకబడి వస్తుందని మరవకండి. ఊపిరితిత్తుల్లో ఇప్పుడు జరిగింది వేలి దగ్గర కనిపించడానికి అర నిమిషం, చేతులు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. శ్వాసనాళంలోకి వేయాల్సిన ఊపిరి గొట్టం అన్నవాహికలోకి పోతే ఆ సంగతి కాప్నోగ్రాఫ్ (వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే మెషిన్) వెంటనే చెబుతుంది, ఆక్సిమీటర్ పడిపోయేసరికి నిమిషాలు గడిచిపోతాయి. మానిటర్ కూత శబ్దం ఎప్పుడూ ఆపకండి. శాచురేషన్ తగ్గేకొద్దీ కూత స్వరం దిగుతుంది, తల ఎత్తి చూడకుండానే చెవికి తెలిసిపోతుంది.

ల్యాప్రోస్కోపీలో పొట్టలోకి 12 నుంచి 15 మి.మీ. మెర్క్యురీ పీడనంతో కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. డయాఫ్రమ్ పైకి లేస్తుంది, దానితోపాటు శ్వాసనాళం చీలిక కూడా పైకి జరిగి గొట్టం ఒకవైపు ఊపిరితిత్తిలోకి జారవచ్చు. గ్యాస్ నింపిన తర్వాత, టేబుల్ వంచిన తర్వాత అంకె దిగితే ముందు అనుమానించాల్సింది దీన్నే. వంద శాతం ఆక్సిజన్ ఇచ్చి, చేత్తో బ్యాగ్ నొక్కుతూ రెండువైపులా స్టెతస్కోప్ పెట్టి వినాలి. గొట్టం ఎంత లోతుందో, కఫం అడ్డుపడిందా, మెషిన్ గొట్టాలు ఊడాయా అన్నవి వరసగా చూడాలి. అప్పటికీ అంకె పెరగకపోతే గ్యాస్ వదిలేయమని సర్జన్‌కి చెప్పడానికి మొహమాటపడొద్దు.

నాలుగో అడుగు: థియేటర్ నుంచి వార్డుకు

గొట్టం తీసిన తర్వాతి కొద్ది నిమిషాలు, ట్రాలీ మీద కారిడార్‌లో గడిచే నిమిషాలు చాలాచోట్ల ఎవరి లెక్కలోకీ రావు. లిఫ్ట్ కోసం ఆగిన చోటే పేషెంట్ నీలంగా మారవచ్చు. పోర్టబుల్ మానిటర్, సిలిండర్, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) లేకుండా ట్రాలీ కదలకూడదు. సిలిండర్‌లో ఎంత ఉందో బయల్దేరే ముందే చూసుకోండి.

రికవరీ నుంచి పంపే ముందు, పరిస్థితి అనుకూలిస్తే ఆక్సిజన్ తీసి కొన్ని నిమిషాలు గాలి మీద ఎంత నిలుస్తోందో చూడండి. ఆ సమయంలో ఎవరూ పలకరించకూడదు. మాట్లాడిస్తే ఊపిరి తీస్తారు, వదిలేస్తే ఆగిపోతారు అన్న పేషెంట్‌ను వార్డుకు పంపడానికి ఇంకా టైమ్ ఉందని అర్థం.

అయిదో అడుగు: వార్డులో మొదటి మూడు రాత్రులు

అమెరికాలో గుండెకు సంబంధించని ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లకు వార్డులో నిరంతరం రికార్డు చేసే ఆక్సిమీటర్ పెట్టి 2015లో ఫలితాలు ప్రచురించారు. 37 శాతం మందికి కనీసం ఒకసారి గంటకు పైగా శాచురేషన్ 90 కంటే కింద ఉంది. అలాంటి సందర్భాల్లో పదింట తొమ్మిది నర్సింగ్ రికార్డులో పడనేలేదు. సిస్టర్లు పనిచేయలేదని కాదు. క్లిప్ పెట్టడానికి వెళ్లి పలకరిస్తే పేషెంట్ మేలుకుంటారు, నిండుగా నాలుగు ఊపిరులు తీస్తారు, అంకె 95 అవుతుంది. మనం రాసుకుని వెళ్లాక మళ్లీ దిగుతుంది. కాబట్టి రాత్రిపూట లేపకుండా ముందు ఊపిరి లెక్కపెట్టండి, మెల్లగా క్లిప్ పెట్టి అంకె చూడండి, ఆ తర్వాతే పలకరించండి.

ఊపిరి లెక్క పూర్తిగా అరవై సెకన్లు పెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే మధ్యలో ఆగే ఊపిరి తెలియదు. అందరికీ 18 అనో 20 అనో రాసేసే అలవాటు మన వార్డుల్లో బాగా పాతుకుపోయింది. అది పోవాలి.

ఇలాంటి రాత్రి ఒకటి ఊహించుకోండి. రెండు గంటలు. పెద్దపేగు ఆపరేషన్ అయిన పెద్దాయన, నొప్పికి మార్ఫిన్ వెళ్తోంది, మాస్క్‌తో ఆక్సిజన్ ఉంది. మానిటర్ మీద 97. నోరు తెరిచి గురక పెడుతున్నారు. గురక ఆగుతుంది, కొంతసేపు నిశ్శబ్దం, మళ్లీ పెద్దగా లాగుతారు. లెక్కపెడితే నిమిషానికి 7. "పెద్దాయనా, ఒకసారి కళ్లు తెరవండి" అంటే కనురెప్ప కదిలి మూతపడుతుంది. పక్కనున్న కూతురు "ఇప్పుడే నిద్రపట్టింది సిస్టర్, లేపకండి" అంటుంది. లేపాల్సిందే. భుజం తట్టి లేపి, గడ్డం ఎత్తి పట్టుకుని, మార్ఫిన్ ఆపి, డ్యూటీ డాక్టర్‌ను పిలవాలి. మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ అవసరమైతే డాక్టర్ కొద్దికొద్దిగా ఇస్తారు. నాలోక్సోన్ పనిచేసే కాలం తక్కువ కాబట్టి మళ్లీ మగత రావచ్చు, తర్వాతి గంటల్లో మంచం వదలకూడదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దారి ఇంకోటి ఉంది. అక్కడ ఊపిరి తగ్గదు, పెరుగుతుంది. ఒక చార్ట్ చూడండి. రాత్రి 8 గంటలకు శాచురేషన్ 96, ముక్కు గొట్టంతో 2 లీటర్లు, ఊపిరి 18. రాత్రి 12కి 96, 4 లీటర్లు, ఊపిరి 22. తెల్లవారుజామున 4కి 95, మాస్క్‌తో 6 లీటర్లు, ఊపిరి 26. శాచురేషన్ ఒక్కటే రాసి ఉంటే 96, 96, 95 అని కనిపిస్తుంది, రాత్రంతా బాగున్నట్టే. న్యూస్2 స్కోరులో (పేషెంట్ దిగజారుతున్నారా అని ముందే పట్టే పాయింట్ల లెక్క) ఊపిరికి సంబంధించిన పాయింట్లు వేసి చూస్తే 2, 4, 6. మిగతావన్నీ నార్మల్ అయినా 5 వచ్చినా, దాటినా డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి. అంటే తెల్లవారేసరికి ఈ పేషెంట్ ఐసీయూ మాట వినాల్సిన స్థితిలో ఉన్నారు. అందుకే చార్ట్‌లో శాచురేషన్ గడి పక్కన ఎన్ని లీటర్లో రాయడం తప్పనిసరి చేసుకోండి. గడి లేకపోతే స్కేలు పెట్టి గీసుకోండి.

లక్ష్యం ఎంత అన్నది కూడా చార్ట్ పైనే రాసి ఉండాలి. చాలామందికి 94 నుంచి 98. ఏళ్ల తరబడి పొగతాగి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) వచ్చి కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయేవాళ్లకు 88 నుంచి 92. వాళ్లకు అంకె 99 కనిపించిందంటే మెచ్చుకోవాల్సిన పనిలేదు, ఆక్సిజన్ తగ్గించాలి.

అంకె పడితే వరసగా చేయాల్సినవి

ముందు మానిటర్ కాదు, మనిషిని చూడండి. పలుకుతున్నారా, పెదాలు నీలంగా ఉన్నాయా, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా? పలకకపోతే అక్కడే నిలబడి ఎమర్జెన్సీ పిలుపు ఇవ్వండి. పలుకుతుంటే మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, ఆక్సిజన్ పెంచి, అప్పుడు క్లిప్, అల సరిచూడండి. గొట్టం ఊడి ఉండటం, గోడ మీద ఫ్లోమీటర్ ఆపి ఉండటం మనం అనుకునేదానికంటే ఎక్కువసార్లు జరుగుతుంది.

తర్వాత పొట్ట చూడండి. ఉబ్బి బిగుసుకుని ఉంటే డయాఫ్రమ్ కదలదు. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) మూసుకుపోయిందేమో చూడాలి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. నొప్పి ఎంతుందో అడగండి. నొప్పి వల్ల ఊపిరి తీయలేని మనిషికి ఆక్సిజన్ పెంచుతూ పోతే లాభం లేదు, ముందు నొప్పి తగ్గించాలి. కోత మీద దిండు అదిమిపెట్టి దగ్గించండి. కఫం ఊడి అంకె కళ్ల ముందే నాలుగైదు పెరగడం తరచుగా చూస్తాం.

డాక్టర్‌కి ఫోన్‌లో "శాచురేషన్ తగ్గింది సార్" అని ఆపేయకండి. "మూడో మంచం, లివర్ ఆపరేషన్ అయి రెండో రోజు సార్. ఆపరేషన్ ముందు గాలి మీద 98. సాయంత్రం 2 లీటర్ల మీద 96, ఇప్పుడు 6 లీటర్ల మీద 91. ఊపిరి 28, నాడి 118. కూర్చోబెట్టాను, దగ్గించాను, అంకె పెరగలేదు. మీరు రావాలి" అని చెప్పండి. ఇలా చెబితే పొద్దున చూద్దాం అనడం ఎవరికీ సాధ్యం కాదు.

మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, బాగానే నడుస్తున్న పేషెంట్‌కి ఊపిరి, నాడి పెరిగి శాచురేషన్ కొద్దిగా దిగితే ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోకండి. పేగు అతుకు లీకైతే జ్వరం, పొట్ట నొప్పి కంటే ముందు ఊపిరి వేగమే మారవచ్చు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరిందేమో చూడాలి.

ఇంటివాళ్లు చేయగలిగినవి

మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి స్పైరోమీటర్‌తో పది నిండు ఊపిరులు తీయించండి. చదునుగా పడుకోబెట్టకండి. డాక్టర్ ఒప్పుకున్న రోజు నుంచే కుర్చీలో కూర్చోబెట్టి, పట్టుకుని నడిపించండి. మాస్క్ చిరాకుగా ఉందంటే జాలిపడి తీసేయకండి, సిస్టర్‌ను పిలవండి. నొప్పి మందు ఎక్కించే పంపు బటన్ పేషెంట్ మాత్రమే నొక్కాలి. నిద్రలో ఉన్న నాన్నగారికి నొప్పి రాకూడదని మీరు నొక్కితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

2021లో కరోనా రెండో వేవ్‌లో కొన్న ఆక్సిమీటర్ చాలా ఇళ్లలో ఇంకా ఉంది. బ్యాటరీలు మార్చి, డిశ్చార్జి అయ్యే ముందు ఆస్పత్రి మానిటర్‌తో ఒకసారి పోల్చి చూసుకోండి, ఆ రోజు అంకె డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో రోజుకు రెండుసార్లు, కూర్చుని, అయిదు నిమిషాలు ఊరుకున్నాక, అంకె నిలకడ పడేదాకా ఆగి చూస్తే చాలు. డిశ్చార్జి నాటి అంకె కంటే మూడు తగ్గి అలాగే ఉండిపోతే సర్జన్‌కి ఫోన్ చేయండి. డాక్టర్ మీకు వేరే హద్దు చెప్పి ఉంటే తప్ప, 92 కంటే దిగితే ఆస్పత్రికి వెళ్లండి. అంకె ఎంతున్నా సరే, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడుస్తున్నట్టున్నా, కఫంలో రక్తం కనిపించినా, మనిషి మత్తుగా తిక్కతిక్కగా మాట్లాడుతున్నా ఇంకోసారి క్లిప్ పెట్టి చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.